కానుక యెవరి కొరకు?

(చదువవలసిన వాక్యభాగము: 2 రాజులు 4:8–17)

క్రిస్మస్ పండుగ సమీపించుచున్నది. కల్లములలో వడ్లు ఆరుచున్నవి. పత్తి ఏరుట సగము పైగా ముగిసినది. ఈ దినములలో మన సంఘముల పెద్దలు కూర్చుండి లెక్కలు వేయుట వాడుక. విధవరాండ్రకు ఏమి పంచవలెను, సండేస్కూలు పిల్లలకు ఏమి కొనవలెను, పండుగకు పిలిచిన అతిథికి శాలువా తేవలెనా, పండుగ దాటగానే వచ్చు పెండ్లిండ్లకు సంఘము పక్షముగా ఏమి చదివింపవలెను అను ప్రశ్నలు పుట్టును. సాధారణముగా వీటికి జవాబు అంగడిలోనే దొరకుచున్నది. జనగామకు గాని వరంగల్లుకు గాని పోయి, ఉన్న సొమ్ముకు ఎన్ని వచ్చునో అన్ని తెచ్చెదము. ఎన్ని వచ్చునని అడుగుదుము గాని ఎవరికని అడుగము. ఈ మాసము మేము ఆ రెండవ ప్రశ్నను గూర్చి కొంత వ్రాయదలచితిమి.

రఘునాథపల్లి చుట్టుపట్ల గ్రామములలో కుటుంబ ప్రార్థనలకై ఇండ్లకు వెళ్లునప్పుడు, ప్రార్థన ఆరంభమగువరకు కన్నులు ఊరక యుండవు గనుక, ఇంటిలోనున్న వస్తువులు మా కంటబడుచుండును. ఒక ఇంటిలో గోడ గడియారములు మూడు కలవు. ఒకటి పది గంటలు చూపుచున్నది, ఒకటి నాలుగున్నర, మూడవది నడుచుట మానినది. మూడును పెండ్లి కానుకలే. ఇంటివారు వేళ యెంతయైనదో సెల్‌ఫోనులో చూచుకొందురు. మరియొక ఇంటికి వాక్యపు పటములు ఏడెనిమిది వచ్చెను. గోడ చాలకపోవుటచేత మిగిలినవి బీరువా వెనుక నిలువబెట్టబడినవి. ఇరువది మూడవ కీర్తన గోడవైపు ముఖము త్రిప్పి నిలుచుండుట మేము అక్కడ చూచితిమి. సజ్జమీద డిన్నరుసెట్టుల పెట్టెలు విప్పకయే యున్నవి. అవి తరువాత వచ్చు ఎవరి పెండ్లికో పోవలసినవి. అక్కడ నుండి మరియొక సజ్జమీదికి పోవును.

ఇతరుల ఇండ్లను గూర్చి మాత్రమే చెప్పుట న్యాయము కాదు. మా ఇంటిలో శాలువాలు ఒక పెట్టె నిండ కలవు. కూటములలో వాటిని కప్పినవారు ప్రేమతోనే కప్పిరి, సందేహము లేదు. వాటిలో రెండింటిని పాస్టరమ్మగారు కిటికీలకు తెరలుగా కుట్టిరి. కప్పిన సహోదరులు ఇంటికి వచ్చినప్పుడు ఆ తెరలను గుర్తుపట్టుదురేమోయని మాకు కొంచెము భయముగానే యుండును.

ధనవంతుని మేడలో ఒక వస్తువు ఎక్కువైన యెడల నష్టమేమియు లేదు. మన ఇండ్లు రెండు గదులవి. ఒక పెట్టె పెట్టిన చోట ఒక మనిషి పండుకొనవచ్చును. కాబట్టి పనికిరాని కానుక పేదవాని ఇంటికి వచ్చినప్పుడు ఊరక రాదు. అతని చోటును కొంత తీసికొని వచ్చును. పారవేయుదమన్నను అతడు పారవేయలేడు. ఇచ్చినవారు ఏమనుకొందురో యను భయము ఆ పెట్టెమీద కూర్చుండి యుండును.

మన ప్రాంతమున పెండ్లికిచ్చు గిన్నెలమీద, బిందెలమీద ఇచ్చినవారి పేరును తేదీని కొట్టించుట చాల కాలమునుండి కలదు. మనము గిన్నెనే ఇచ్చితిమా, లేక ఆ ఇంటి పొయ్యిమీద మన పేరును పెట్టితిమా? ఈ ప్రశ్న అడిగినప్పుడు ఒక పెద్ద మాతో, “పేరు లేకపోతే ఎవరిచ్చిన్రో ఎట్ల తెలుస్తది అయ్యగారూ?” అనెను. ఆయన మాటలో కొంత న్యాయము కలదు. చదివింపుల పుస్తకమును కూడ మేము తృణీకరింపము. పెండ్లి పందిటిలో ఒకడు కూర్చుండి ఎవరెవరు ఎంత చదివించిరో వ్రాయుటను కొందరు ఎగతాళి చేయుదురు గాని, బ్యాంకులు మన ఊళ్లను ఎరుగని దినములలో పేదవాని ఇంట పెండ్లి జరిగినది ఆ పుస్తకముచేతనే. ఊరంతయు కూడి ఒక ఇంటిని లేవనెత్తెను. తరువాత ఆ ఇల్లు మరియొక ఇంటిని లేవనెత్తెను. అది మంచి ఏర్పాటు. అయితే దానిని అప్పు అనవలెను గాని కానుక అనరాదు. లూకా సువార్త 14వ అధ్యాయములో ప్రభువు విందును గూర్చి చెప్పినప్పుడు, తిరిగి పిలువగలవారిని గాక తిరిగి ఇయ్యలేనివారిని పిలువుమని బోధించెను. పుస్తకములో వ్రాయుటకు వీలులేని దానిని గూర్చియే ఆయన మాటలాడుచుండెను.

మన తెలుగు సంఘ చరిత్రలో దీనికొక సాక్ష్యము కలదు. 1876–78 సంవత్సరముల మహా కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొనినవారికి పని కల్పించి కూలి ఇప్పించిరి. వేలమంది ఆ పనివలన బ్రదికిరి. అప్పుడు వారిలో అనేకులు బాప్తిస్మము అడుగుచుండిరి. సహాయము పంచుచున్నంత కాలము ఆయన బాప్తిస్మములు నిలిపివేసిరి. గింజకు ప్రతిగా పేరు వ్రాయించుకొనుట ఆయనకు సమ్మతము కాలేదు. సహాయపు పని ముగిసిన తరువాతనే తిరిగి ఆరంభించిరి. 1878 జూలై 3వ తేదీన ఒక్క దినముననే గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము వేదికలమీద తరచుగా చెప్పుకొందుము. దానికి ముందు ఆయన కనిపెట్టిన నెలలను గూర్చి అంతగా చెప్పుకొనము.

ఇక కానుక మంచిదైనంత మాత్రమున చాలునా? సౌలు దావీదునకిచ్చిన యుద్ధకవచమును చూడుడి (1 సమూయేలు 17). అది రాజు తొడిగినది. శిరస్త్రాణము రాగిది. జనగామ దాటి హైదరాబాదు దారిలో పెంబర్తి యున్నది. లోహపు రేకును చేతితో కొట్టి రూపము తెచ్చు అక్కడి పనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించెను. అట్టి పనివారి పొరుగున కాపురముండు మనకు రాజుగారి కవచము వెల ఎంత యుండునో వేరుగా చెప్పనక్కరలేదు. సౌలు పిసినారితనము చేయలేదు, తనకున్నదానిలో శ్రేష్ఠమైనదే ఇచ్చెను. అయినను దావీదు దానిని తొడుగుకొని నడువలేకపోయెను. సౌలు తన ఒంటికి సరిపోయినదానిని ఇచ్చెను. ఎదుట నిలిచినవాడు ఎవడో, ఎన్నడు ఏమి వాడుక చేసినవాడో చూడలేదు. దావీదు దానిని విప్పి పెట్టెను. అతనికి ఆ ధైర్యము కలదు. మనము కానుకలిచ్చు బీదలకు ఆ ధైర్యము ఎక్కడనుండి వచ్చును?

“మనసు ముఖ్యము, వస్తువు కాదు” అని ఎవరైనను అనవచ్చును. మేమును అనేక సంవత్సరములు ఆలాగే ప్రసంగించితిమి. బీద విధవరాలి రెండు కాసుల కథ మా నోట ఎన్ని మారులు వచ్చెనో లెక్క లేదు. ఇప్పుడు ఆ మాట చెప్పునప్పుడు మాకు తడబాటు కలుగుచున్నది. ఎందుకో చెప్పెదము. ఇది మా తప్పును గూర్చిన సంగతి.

మా సంఘములలో ఒకదానిలో ఒక వృద్ధ విధవరాలు ఉండెను. ప్రతి క్రిస్మస్‌కు విధవరాండ్రకు దుప్పట్లు పంచుట మా వాడుక గనుక ఆమెకును ప్రతి సంవత్సరము ఒకటి ముట్టుచుండెను. ప్లాస్టిక్ సంచిలో దుప్పటి, సంచిమీద దాతల పేరు. వరుసగా నిలువబెట్టి, చేతికిచ్చి, ఫోటో తీయించుచుంటిమి. ఒక సంవత్సరము ఆమె దుప్పటి అందుకొనుచు మాకు మాత్రమే వినబడునట్లు, “అయ్యగారూ, కండ్లకు పొరలొచ్చినయి. వరంగల్ దవఖానల తీసేస్తరంట. ఎవలన్న ఒక్క దినం తోడొస్తె పోయొస్త” అనెను. మేము, “ప్రార్థన చేతుమమ్మా” అంటిమి. ఫోటో తీయు యువకుడు మమ్మును ఇటు చూడుమనెను. మేము అటు చూచితిమి. వెనుక ఇంకను పదునొకండుగురు నిలిచియుండిరి.

ప్రార్థన చేసితిమి, అబద్ధమాడుట లేదు. వరంగల్లుకు మాత్రము ఎవరును పోలేదు. రఘునాథపల్లిలో రైలెక్కినను బస్సెక్కినను అది దూర ప్రయాణము కాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ చికిత్సకు డబ్బు అక్కరలేదు. కావలసినది ఒక మనిషియొక్క ఒక దినము, మహా అయితే రెండు దినములు. తరువాతి క్రిస్మస్‌కు ఆమెకు మరియొక దుప్పటి ఇచ్చితిమి. ఆ మారు ఆమె ఏమియు అడుగలేదు.

ఆమె నిద్రించిన తరువాత భూస్థాపనకు ముందు, కప్పుటకు తెల్లబట్ట ఏదైన యున్నదేమోయని స్త్రీలు ఆమె ట్రంకుపెట్టె తెరచిరి. అందులో ఏడు దుప్పట్లు మడత విప్పకుండ, సంచులలోనే యుండెను. ఆమె పండుకొనిన నులక మంచముమీద పాత చీరెలతో కుట్టిన బొంత యుండెను. ప్రక్క ఇంటి ఆమెను అడిగితిమి. “వాడుకుంటె మాసిపోతయని దాసింది అయ్యగారూ. ఇచ్చినోళ్లు వచ్చి అడిగితె సూపియ్యాలె గదా అనేది” అని ఆమె చెప్పెను.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో యొప్పే పట్టణపు మేడగది యొకటి కలదు. అక్కడ చనిపోయినది ఇచ్చిన స్త్రీ. ఆమె కుట్టిన వస్త్రములను విధవరాండ్రు ఏడ్చుచు పేతురునకు చూపిరి. తబితా వారి మధ్య నుండి కుట్టెను. ఎవతె భుజము ఎంత వెడల్పో, ఎవతెకు చలి ఎక్కువో ఆమె ఎరుగును. మా యొద్ద చనిపోయినది పుచ్చుకొనిన స్త్రీ. పెట్టె తెరచినప్పుడు ఇచ్చినవారమైన మేము చుట్టు నిలిచి మా దుప్పట్లను చూచితిమి. యొప్పేలోని ఆ గదిని గూర్చి మేము అనేక మారులు ప్రసంగించి యుంటిమి గాని, అది మరల తెరవబడి మమ్మును లోపల నిలువబెట్టునని తలంచలేదు.

మా మనసు మంచిదే. చందా వేసినవారి మనసులు మంచివే. మోసము చేసినవాడు ఎవడును లేడు. అయినను ఆ ఏడు దుప్పట్లలో ఒక్కటియైనను ఆమెకు కానుక కాలేదు. వాటికి ఆమె కావలివారు మాత్రమే. కాబట్టి మంచి మనసుతో ఇచ్చినంతనే ఇచ్చువాని పని తీరిపోవునని మేము ఇక చెప్పజాలము. యెరికో దారిలో బర్తిమయి కేకలు వేసినప్పుడు (మార్కు 10) వాడు గ్రుడ్డివాడని అక్కడ నిలిచిన వారందరికి తెలియును. ప్రభువునకు తెలియదా? అయినను ఆయన నిలిచి, నీకేమి చేయగోరుచున్నావని వానినే అడిగెను. అడిగినయెడల కానుకయొక్క గౌరవము పోవునని మనలో ఒక తలంపు కలదు. ప్రభువునకు ఆ తలంపు లేదు. మమ్మునైతే మేము అడుగకమునుపే ఆమె అడిగెను; విన్నాము, దుప్పటి ఇచ్చితిమి.

ఇప్పుడు పైన సూచించిన వాక్యభాగమునకు వచ్చెదము. షూనేములోని ఆ ఘనురాలు ఎలీషాకు ఇచ్చిన వస్తువులు నాలుగు: మంచము, బల్ల, పీట, దీపస్తంభము. వాటికొరకు మిద్దెమీద ఒక చిన్న గది. ఆమె ధనవంతురాలు, కోరిన యెడల ప్రవక్తకు వెండి ఇయ్యవచ్చును, పట్టుబట్ట కప్పవచ్చును. ఆమె మొదట చేసినది చూచుట. ఈయన మన మార్గముననే తరచు పోవుచున్నాడని గమనించెను. తరువాత పెనిమిటితో ఆలోచించెను. నడిచి వచ్చినవానికి పడుకొనుటకు చోటు, వాక్యము ధ్యానించువానికి బల్లయు దీపమును. ఆయన మోసికొని పోవలసినది వాటిలో ఏదియు లేదు. వచ్చినప్పుడు వాడుకొనును, లేచినప్పుడు విడిచి పోవును. ఊరూరు తిరుగువానికి ఇయ్యదగిన కానుక అదియే.

అయితే ఈ కథలో మేము ఇటీవలనే కనుగొనిన భాగము మరియొకటి కలదు. ఎలీషా ఆమెకు ప్రత్యుపకారము చేయదలచి, రాజుతో గాని సైన్యాధిపతితో గాని నీ పక్షముగా మాటలాడుదునా అని అడిగించెను. ప్రవక్తకు రాజు సన్నిధిలో పలుకుబడి కలదు. కాబట్టి తన చేతిలో ఉన్నదానినే ఆయన చూపెను. ఆమె తన జనుల మధ్య సుఖముగానే యున్నానని చెప్పి దానిని మర్యాదగా త్రోసివేసెను. ఎలీషా మరల ఆలోచింపవలసి వచ్చెను. ఆమెకు కుమారుడు లేడనియు, పెనిమిటి ముసలివాడనియు చెప్పినవాడు దాసుడగు గేహజీ. అనగా అంతటి ప్రవక్తయు మొదట తప్పు కానుకనే చూపెను. పనివాడు చూచినది ఆయన చూడలేదు. దీనివలన మాకు కొంత ఓదార్పు కలిగినదని ఒప్పుకొనుచున్నాము. సంఘ పెద్దలకు తెలియని సంగతులు ఇంటింటికి పోయి నీళ్లు త్రాగి వచ్చు స్త్రీలకు తెలియును. పంపకముల లెక్కలలో మనము వారిని కూర్చుండబెట్టుట లేదు.

ఇట్లు చెప్పుచున్నందున అక్కరకు వచ్చునవి తప్ప మరేమియు ఇయ్యకూడదని మా భావమని తలంపవద్దు. యోహాను సువార్త 12వ అధ్యాయములో మరియ ప్రభువు పాదములకు పూసిన అత్తరు మూడు వందల దేనారముల వెల గలది. దేనారము ఒక దినపు కూలి గనుక ఇంచుమించు ఒక సంవత్సరపు కష్టార్జితము. దానిని అమ్మి బీదలకియ్యరాదా అని యూదా అడిగెను. లెక్క ప్రకారము యూదా మాట సరిగానే కనబడును. కాని ప్రభువు మరియను సమర్థించి, దానిని తన భూస్థాపనతో జతచేసి మాటలాడెను. ఆ బల్లయొద్ద మరణము ఎంత దగ్గర నున్నదో తెలిసినవాడు ఆయన ఒక్కడే. ఆ గడియకు తగినదానిని ఆమె చేసెను. మరియొక సంగతి: తరువాత ఆ ఇంటిలో దాచవలసినది ఏమియు మిగులలేదు, సువాసన తప్ప. పిల్లవానికిచ్చు బుడగ, పండుగనాడు పొరుగింటికి పంపు సకినాలు, అరిసెలు, కొట్టములో పూచిన బంతిపూలు – ఇవి లెక్కకు నిరర్థకములే. తినబడును, వాడును, అయిపోవును. వాటిని ఎవరును సజ్జమీద పెట్టరు.

బాగుగా ఆలోచించి ఇచ్చినదియు ఒక్కొక్కప్పుడు తప్పిపోవుట కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా యువజనులు విడివిడిగా పటములు, గడియారములు కొనుట మాని, అందరు చందా వేసికొని ఒక వధువునకు కుట్టుమిషను ఇచ్చిరి. మేము దానిని ఆరాధనలో మెచ్చుకొంటిమి కూడ. మొన్న ఆ ఇంటికి పోగా మిషనుమీద ఉతికిన బట్టలు కుప్పగా పెట్టబడి యుండెను. ఆ అమ్మాయికి కుట్టుట రాదు, నేర్చుకొనుటకు ఇష్టమును లేదు. ఆమెకు బి.ఎడ్. పరీక్షకు చదువుకొనవలెనని యుండెనట. తబితా చేతిలో సూది ఉన్నదని ప్రతి స్త్రీ చేతిలో సూది పెట్టరాదని ఆ దినము నేర్చుకొంటిమి. యువజనులను నిందింపము, వారు సగము దూరము వచ్చిరి. ఇంకొక్క మాట అడుగవలసి యుండెను, అంతే.

దూరముగా నున్నవారికి ఇచ్చుట మరింత కష్టము. హన్నా ఏటేట సమూయేలునకు చిన్న అంగీ కుట్టి తీసికొని పోయెనని 1 సమూయేలు 2లో చదువుచున్నాము. సంవత్సరమునకు ఒక మారు చూచు పిల్లవానికి కొలత ఎట్లు తెలిసెను? పోయిన యేడు చూచిన భుజమును ఆమె మనసులో పెంచుకొనుచు వచ్చి యుండవలెను. గురుకుల పాఠశాలలలో పిల్లలనుంచిన తల్లులకు ఈ సంగతి మేము వివరింపనక్కరలేదు.

ఈ సంవత్సరము మేము అంగడికి పోకముందు ఇండ్లకు పోవుటకు నిశ్చయించుకొంటిమి. ప్రతిదినము వంటకు ముందు పిడికెడు బియ్యము తీసిపెట్టు మన స్త్రీలే ఈ పనికి తగినవారని తోచి, వారిలో ఇద్దరిని వెంటబెట్టుకొని బయలుదేరితిమి. మేమొక్కరమే పోయిన యెడల ఎవరును నిజము చెప్పరు; అంతయు దేవుని కృప అందురు. ఆ స్త్రీలు మాత్రము వాకిట కూర్చుండి చిక్కుడుకాయలు ఒలుచుచు అడిగిరి. ఒక ఇంటిలో వీధి దీపము వెలుగు గుమ్మమువరకు రాదు గనుక ఒక బల్బు కావలెననిరి. ఒకరికి పింఛను పుస్తకములో ఏమి వ్రాసియున్నదో నెలకొకమారు చదివి చెప్పువాడు కావలెను. ఒక వృద్ధుడు చాలసేపు ఆలోచించి, పండుగకు తన ఇంటి ముందరి గోడకు ఎవరైన సున్నము వేసిన యెడల బాగుండుననెను. కంటి పొరలు గలవారు మా పట్టీలో ఇద్దరు తేలిరి. వారితో పోవు దినము నిర్ణయించితిమి. ఒకరితో మేము, ఒకరితో ఒక సంఘపెద్ద.

చివరగా పోయిన ఇంటిలో ఒక ముసలమ్మ తనకేమియు వద్దనెను. మేము మొగమాటమేమోయని మరల మరల అడిగితిమి. ఆమె కొంచెము విసిగి, కోతపండుగకు తాను తెచ్చియిచ్చిన గుమ్మడికాయను వేలములో ఎవరు పాడుకొనిరో, ఎంతకు పాడుకొనిరో చెప్పుమనెను. అది ఆమె పెరటిలో ఈ యేడు కాసిన మొదటి కాయ. మాతో వచ్చిన స్త్రీలు ఒకరి ముఖమొకరు చూచుకొనిరి. మాకును జ్ఞాపకము రాలేదు. లెక్కల పుస్తకము చూచి వచ్చి చెప్పెదమని లేచితిమి.